గాలికి కొలతలు

మూడు ఊళ్ల కాలేజీలు కలిసి నడిపే గాలిమరల తయారీ శిక్షణకు అందరికంటే ముందొచ్చేది టైలరక్కే. మెడలో టేపు, భుజానికి గుచ్చిన గుండుసూదులు. పాతికేళ్ల కుట్టుపని అలవాటు ఎక్కడికి పోతుంది? ఇవాళ పరీక్ష. నెగ్గితే ఫ్యాక్టరీలో ఉద్యోగం. గాలిమర రెక్క అచ్చులో పరిచిన గాజునార (ఫైబర్‌గ్లాస్) గుడ్డకు పోగొకటి వేలాడుతుంటే, వంగి పళ్లతో కొరకబోయింది.

"అక్కా, అది గాజు!" మాస్టారు కేకేశాడు.

అందరూ పగలబడి నవ్వారు. తనూ నవ్వుతూనే గుడ్డ మీద అరచెయ్యి పోనిచ్చి, ఠక్కున ఆగింది.

"నవ్వులు తర్వాత. అడుగు పొరలో ముడత ఉంది. రెక్క ఇక్కడే విరుగుతుంది."

ఎవరి కంటికీ ఆనలేదు. మాస్టారు పొర ఎత్తి చూశాడు. ఉంది!

"మూడు ఊళ్లవాళ్లూ ఇటు రండి! అక్క పరీక్ష నెగ్గినట్టే, తన దగ్గర నేర్చుకోండి!"

ఆ సాయంత్రం టైలరక్క బస్సు కిటికీలోంచి చెయ్యి చాచి, ఎదురుగాలికి కొలతలు తీసుకుంటూ ఇల్లు చేరింది.