తీగ చుట్టిన రేకు డబ్బా

మా ముత్తాత కమాన్‌పూర్ చుట్టుపక్కల మూడు ఊర్లకు శిస్తు లెక్కలు చూసే మాలీ పటేల్. ఆయన కొడుకు, అంటే మా తాత, పోలీసు పటేల్. ఆయన ఉన్నన్నాళ్లు ఏ ఇంటి తగాదా కూడా మా అరుగు దాటి ఠాణా దాకా పోలేదు. మా నాయన కాలానికి పటేల్‌గిరీ రద్దయింది, ఆ తర్వాత చెలకలు, పొలాలు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కింద పోయాయి, చివరికి ఆయన నాకు అప్పగించినవి ఇంటిపేరు, తాత కూర్చుని తీర్పులు చెప్పిన టేకు కుర్చీ. ఆ కుర్చీని సెంటినరీ కాలనీలో రెండు గదుల క్వార్టర్‌లో వేసుకుని, బొగ్గు బాయి మీద మస్టర్ గుమాస్తాగా ముప్పై ఏళ్లు హాజరు రాసి రిటైరయ్యాను. తాత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల మనవళ్లకు నేను హాజరు వేశాను, అందుకు ఏనాడూ తలవంచుకోలేదు. ఇవన్నీ గొప్ప కోసం రాయడం లేదు. మా ఇంటి మాటకు ఈ ప్రాంతంలో ఎంత విలువ ఉండేదో తెలియకపోతే, పోయిన నెల నాకు తగిలిన దెబ్బ ఎలాంటిదో నా వయసు వాళ్లకు కూడా అర్థం కాదు.

పోయిన నెల మా మేనకోడలు ఇంటికి వచ్చింది. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేస్తుంది, ఏదో శిక్షణ కోసం ఇంగ్లీషు వ్యాసాలు చదువుతోందట. వాటిలో ఒకటి బొగ్గు బాయిలో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి మింగిన నొప్పి గోలీల గురించి, మూత్రపిండాల జబ్బు గురించి అని, అది మన దిక్కు సంగతిలాగే ఉంది మామయ్యా అని ఫోను నా చేతికిచ్చింది. నేను కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే అక్షరాల మధ్య ఒక ఫోటో కనిపించింది. బిస్కెట్ల రేకు డబ్బా, ఒక మూల సొట్ట, విరిగిన మూత ఊడిపోకుండా చుట్టూ బిగించిన ఎరుపు, పసుపు తీగ. బాయిలో బొగ్గు పేల్చడానికి వాడే తీగ అది. ఆ డబ్బాను నేను లక్ష డబ్బాల్లో ఉన్నా గుర్తుపడతాను. అది మా కాకది.

కాక నాకు రక్తసంబంధం కాదు. ఆయన తండ్రి మా తాత దగ్గర పాలేరుగా జీతం ఉన్నవాడు. ఊళ్లో అయితే నేను ఆయనను పేరు పెట్టి పిలిచేవాణ్ని, కానీ కాలనీలో పక్క పక్క క్వార్టర్లు కావడం వల్ల, ఒకే నల్లా దగ్గర మా ఆడవాళ్లు బిందెలు పెట్టడం వల్ల, ఏ రోజు మొదలైందో తెలియకుండానే ఆయన నాకు కాక అయ్యాడు, ఆయన భార్య చిన్నమ్మ అయింది. ఆయన మాత్రం నన్ను పటేలా అనేవాడు, అందులో సగం మర్యాద, సగం ఎగతాళి. బొగ్గు తట్టలకెత్తి టబ్బుల్లో నింపే పని ఆయనది. ఆ పని చేసినవాళ్లకు నడుము ఎప్పుడూ తిన్నగా ఉండదు.

మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మొదటి షిఫ్టుకు దిగేముందు బాయి గేటు దగ్గర చాయ్ తాగి, దానితోపాటు రెండు గోలీలు వేసుకోవడం బీడీ ముట్టించుకున్నంత మామూలుగా ఉండేది. డాక్టరు చీటీ ఎవరి దగ్గరా ఉండేది కాదు. ఒక గోలీ పనిచేసిందంటే దాని ఖాళీ అట్టను డబ్బాలో దాచుకునేవాళ్లు. అయిపోయినప్పుడు ఆ అట్టనే దుకాణంలో చూపించి గదే ఇయ్యమనేవాళ్లు. చదువురాని ఇళ్లలో కూడా అట్టల డబ్బా మాత్రం ఉండేది. అయితే ఆ డబ్బా బయటివాళ్లకు చూపించేది కాదు. నడుము నొప్పి ఉందని పైవాళ్లకు తెలిస్తే బాయిలోకి దింపరని, పైన ఏదో చిన్న పని ఇస్తారని అందరికీ భయం. అందుకే దవాఖానకు పోయి కూడా జ్వరం గురించి చెప్పేవాళ్లు తప్ప నొప్పుల గురించి చెప్పేవాళ్లు కాదు.

అలాంటి రోజుల్లో పట్నం నుంచి ఒక పరిశోధకుడు వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు, చేతిలో కాగితాల కట్ట. నాలుగు రోజులు క్వార్టర్ల మధ్య తిరిగితే ప్రతి ఇంట్లోనూ నొప్పుల్లేవు, గోలీల్లేవు అన్న జవాబే వచ్చిందట. ఐదో రోజు ఎవరో నా పేరు చెప్తే మస్టర్ గదికి వచ్చి, ఈ గోలీలు ఒంటికి ఏం చేస్తున్నాయో తెలుసుకోవడానికి వచ్చానని, పేర్లు బయటపెట్టనని, తేలిన సంగతి ఆర్నెల్లలో తానే వచ్చి ఇంటింటికీ చెప్తానని అన్నాడు. నాకు నచ్చాడు. నిజం చెప్పాలంటే, చాలా ఏళ్ల తర్వాత ఒకరు మా ఇంటి మాట అవసరమై నా దగ్గరికి రావడం నాకు నచ్చింది.

మా ముందు గదిలో అతణ్ని తాత కుర్చీలో కూర్చోబెట్టాను. మా ఇంటివాళ్లు తప్ప అందులో కూర్చున్న మొదటి మనిషి అతనే. నేను వెళ్లి ఒక్కొక్కరినీ పిలుచుకొచ్చి, పేరు బయటికి పోదు, సంగతి మీకు వచ్చి చెప్తాడు, నా మాట అన్నాను. కాక ఎప్పటిలాగే గడపలో కూర్చుని, సారు చేతిలోని చిన్న సీసా చూసి నవ్వాడు.

"మీ తాత మాటకు మా నాయన తలకాయ ఊపిండు. ఇగ నీ మాటకు నేను ఉచ్చ పోసి ఇయ్యాల్నా పటేలా?"

గది అంతా నవ్వింది, తాత కుర్చీలో సారు కూడా నవ్వాడు. ఆ నవ్వుతో భయం పోయింది. ఆ వారంలో డబ్బాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. సారు అట్టలు లెక్క చూసుకుని డబ్బాలు తిరిగి ఇచ్చేశాడు గానీ, కాక డబ్బాలో పన్నెండేళ్ల అట్టలు వరసగా పేర్చి ఉండటం చూసి, దీన్ని తీసుకుపోయి మళ్లీ వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. చిన్నమ్మకు ఇష్టం లేదు. తిరిగి తెప్పించే పూచీ నాదన్నాను, నా మొహం చూసి ఊరుకుంది.

ఆర్నెల్లు గడిచాయి. ఏడాది గడిచింది. మొదట్లో హాజరుకు వచ్చిన ప్రతివాడూ మీ పట్నం సారు ఏమన్నడు అని అడిగేవాడు. నేను రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఆ తర్వాత కాకే ఒక అర్థం చెప్పాడు.

"ఏమన్న ఖరాబుంటే గా సారు ఉరికొస్తుండె గద. రాలేదంటె మంచిగనే ఉన్నట్టు. గింత దానికి ఫికర్ ఎందుకు పటేలా?"

నాకూ అది సబబుగానే తోచింది. నేను పూచీపడ్డ మనిషి మాట తప్పాడని ఒప్పుకోవడం కన్నా అది నమ్మడం సులువు. అప్పటినుంచి అడిగినవాళ్లకు నేనే, అంతా మంచిగానే ఉందట, అందుకే రాలేదు అని చెప్పడం మొదలుపెట్టాను. కాక ఇంకో రేకు డబ్బా తెచ్చుకున్నాడు.

రిటైరయ్యే ఏడాదికి ఆయన కాళ్లు ఉబ్బాయి. కరీంనగర్‌లో డయాలసిస్ మొదలుపెట్టిన రోజు డాక్టరు, నొప్పి గోలీలు వాడేవాడివా అని స్పష్టంగా అడిగాడు. కాక లేదన్నాడు. అప్పటికి ఆయనను బాయి నుంచి తీసేసేవాళ్లు ఎవరూ లేరు, దాచవలసిన అవసరం లేదు, అయినా అలవాటుగా నోరు అదే చెప్పింది. మంచం పక్కన నేను, చిన్నమ్మ నిలబడి ఉన్నాం. మేమూ ఏమీ అనలేదు. ఏడాదిన్నర తర్వాత ఆయన పోయాడు.

మేనకోడలు ఆ వ్యాసం మొత్తం తెలుగులో చెప్తుంటే విన్నాను. అందులో అబద్ధం లేదు. బాయి వేడిలో నీళ్లు తక్కువ తాగి, రోజూ ఆ గోలీలు మింగేవాళ్ల మూత్రపిండాలు చెడుతున్నట్టు కనబడుతోందని, వాళ్లకు వెంటనే తెలియజేయడం అవసరమని కూడా రాశాడు. ఎవరికి తెలియజేయాలో రాయలేదు. చివరన, సహకరించిన స్థానిక గుమాస్తాకు కృతజ్ఞతలు అని ఒక ముక్క ఉంది. ఇవన్నీ నేను ఓర్చుకోగలను. అచ్చయిన సంవత్సరం ఎంతో చెప్పమని అడిగాను. కాక కాళ్లు ఉబ్బడానికి ఆరేళ్ల ముందు.

ఆరేళ్లు. అన్ని షిఫ్టులకూ నేను హాజరు వేశాను.

మేనకోడలు ఎక్కడెక్కడో వెతికి ఆ పట్నం సారు నంబరు పట్టింది. ఇప్పుడు ఆయన పెద్ద ప్రొఫెసరు. కుర్చీ గురించి చెప్పాక నేనెవరో గుర్తొచ్చింది, ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు.

"అది దాచిందేం కాదండీ, ఆన్‌లైన్‌లోనే ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు. ప్రాజెక్టు అయిపోయాక మళ్లీ అంత దూరం రావడం కుదర్లేదు, మీకు తెలియంది ఏముంది."

క్వార్టర్లలో దాన్ని ఎవరు చదువుతారని అడిగాను. మా ఇంట్లో గొంతు పెంచడం అలవాటు లేదు. ఫోను పెట్టేశాను.

చిన్నమ్మ ఇప్పుడు కాసిపేటలో కూతురు దగ్గర ఉంటోంది. మేనకోడలు చేత వ్యాసం సారాంశం ఒక కాగితం మీద తెలుగులో రాయించుకుని, ఆ ఫోటో కూడా ప్రింటు తీయించుకుని బస్సెక్కాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ నేను చదివిందంతా విన్నది. చదవడం అయిపోయాక కూడా తుంచుతూనే ఉంది.

"గా పట్నపోడు నాకేమైతడు పటేలా, వాని మొకం గూడ యాదికి లేదు. మంచిగనే ఉన్నదని మా ఇంట్ల చెప్పింది నువ్వు. నీ నోటి మాటకే ఆయన మింగుకుంట పోయిండు."

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పుడామె ఫోటో అందుకుని, మూత చుట్టూ ఉన్న తీగ మీద వేలు పెట్టింది.

"గీ తీగ ఆయనే చుట్టిండు. డబ్బ మా అవ్వ నాకిచ్చింది. వాపస్ తెచ్చిస్త అంటివి గద, ఏడున్నది?"

ప్రొఫెసరును ఆ ఒక్కటీ అడగడం మరిచిపోయానని అప్పుడు తట్టింది. మళ్లీ ఫోను చేయించాను. పాత సామాను ఎప్పుడో పారేశారట.

మిగిలిన ఇళ్లకు కూడా ఆ కాగితం పట్టుకుని వెళ్లాను. సగం క్వార్టర్లలో కొత్తవాళ్లు ఉన్నారు, నేనెవరో వాళ్లకు తెలియదు. బతికి ఉన్న పాతవాళ్లలో కొందరు విని, ఇప్పుడెందుకు పటేలా అన్నారు. ఇప్పటి పిల్లలు నొప్పి వస్తే ఫోనులో వెతుక్కుంటారు, అట్టలు చెత్తబుట్టలో పడేస్తారు, పరిశోధనకు ఎవరైనా వస్తే ముందు కాగితం చదివి సంతకం పెడతారట, వద్దనిపిస్తే పొమ్మంటారట. మంచిదే. మా రోజుల్లో సంతకం అడిగి ఉంటే మా కాక పెట్టేవాడు కాదు, డబ్బా ఇచ్చేవాడు కాదు, తర్వాత నన్ను నమ్మి కూర్చునేవాడూ కాదు. ఒక మనిషి మొహం చూసి సీసా అందుకునే కాలం పోయింది, వాళ్లు చూసి నమ్మిన ఆ మొహం నాదేనని తెలుసుకుని నేనూ పోతున్నాను.

కుర్చీ పోయిన వారం అమ్మేశాను. మంచిర్యాలలో ఒక ఫంక్షన్ హాలు వాళ్లు పెళ్లికొడుకులకు వేయడానికి తీసుకుపోయారు.