బదులు పనికి వచ్చినవాళ్లు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూలై నెలలో, మా సంఘం డైరెక్టరు గారు నన్ను విజయనగరం ఆఫీసు నుంచి నరసన్నపేట దగ్గరి ఒక పల్లెకు పంపించారు. నా హోదా ఫీల్డ్ ఆఫీసరు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లను చర్చిల తరఫున కొత్తచోట నిలబెట్టే సంఘం మాది. ఒడిశా కొండల్లో గొడవలకు ఇళ్లు కాలిపోయి పారిపోయి వచ్చిన ఏడు కుటుంబాలు ఆ పల్లె చర్చి వెనక రేకుల షెడ్డులో తలదాచుకుంటున్నాయి. మాది ఇచ్ఛాపురం, ఒడియా వచ్చు. అందుకే ఆ పని నా మెడకు పడింది.

చర్చి తన స్థలంలోనే ఇళ్లకు చోటిచ్చింది. విశ్వాసులు వంటకు ముందు రోజూ పక్కన తీసిపెట్టే పిడికెడు బియ్యం ఆ షెడ్డుకే వెళ్లేది. సర్పంచి గారి నోటిమాట మీద పునాదులు లేచాయి. గోడలకు మాత్రం పంచాయతీ తీర్మానం కావాలి. వచ్చినవాళ్లను ఊరు ఒప్పుకుందని రుజువు లేనిదే మా సంఘం డబ్బు విడుదల చెయ్యదు. ఊళ్లో ఎక్కువమంది హిందువులు కనక మతం పేరుతో పేచీ వస్తుందేమోనని డైరెక్టరు గారి భయం. ఆ పేచీ రాలేదు. వచ్చింది ఉభాల దగ్గర, అంటే వరినాట్ల దగ్గర.

కూలీలు దొరక్క తిరుగుతున్న ఒక పెద్దరైతుకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు షెడ్డువాళ్లు కనిపించారు. సైగ చేసి పిలిచాడు. ఏడు కుటుంబాలవాళ్లూ వెళ్లి పొలమంతా నాట్లు ఊడ్చి, ఆయన పెట్టిన అన్నం తిని, కూలి అడక్కుండా తిరిగొచ్చారు.

మర్నాడు ఊరి నాట్ల ముఠా మొత్తం చర్చి ముందుకు వచ్చింది. ముఠా మేస్త్రి ముత్యాలమ్మ నన్నే నిలదీసింది.

"కూలి నేకుండా ఊడిసేస్తే రేపు మమ్మల్నెవులు పిలుస్తారమ్మా? మా పిల్లలేటి తింతారు? ఆదివారం లోగా ఈళ్లు ఎలిపోవాల."

ఆమె మాటలో తప్పు లేదు. సర్పంచి గారు తీర్మానం ఆపేశారు. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు. షెడ్డువాళ్ల పెద్ద దానియేలును పిలిచి, కూలి ఎందుకు అడగలేదని కాస్త గట్టిగానే అడిగాను. అతను తెల్లబోయాడు. మా కొండల్లో కూలి లేదు, ఈరోజు మేం నీ పొలంలో, రేపు నువ్వు మా పనిలో అన్నాడు. పునాదుల్లో మట్టి పోయడానికి ఆ రైతు ఎప్పుడొస్తాడో అని పొద్దుట్నుంచి దారి చూస్తున్నాడట.

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పరుగున వెళ్లి ముత్యాలమ్మకు చెప్పాను. ఆమె ముక్కు మీద వేలు వేసుకుంది.

"బదులుకొచ్చారా? మా అత్త కాలంలో మాకూ బదుళ్లుండీవి."

ఇక ఆమె ఆగలేదు. ముఠాను వెంటేసుకుని రైతు గుమ్మంలో నిలబడి, ముఠా ధరకు కూలైనా ఇమ్మంది, పార పట్టుకుని బదులైనా తీర్చమంది. నలుగురిలో పరువు పోతుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

మర్నాటి ఉదయం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. ట్రాక్టరు నిండా ఎర్రమట్టి వేసుకుని రైతు ఇద్దరు కొడుకులతో దిగాడు. దానియేలు ఎదురెళ్లి ఆయన చేతిలో పార పెట్టాడు. చూడ్డానికి వచ్చిన ముఠా ఆడవాళ్లు కాసేపు నవ్వుకున్నారు. అంతలో ముత్యాలమ్మ కొంగు బిగించి, "సూత్తా నిలబడిపోడానికొచ్చామేటి" అని తట్ట ఎత్తింది. తర్వాత ఎవరు ఎవరి తట్ట అందుకున్నారో తెలియలేదు. పాస్టరు గారు లుంగీ ఎగ్గట్టారు, సర్పంచి గారు కూడా నాలుగు పారల మట్టి వేశారు. ఏడు పునాదులూ పొద్దుగూకేలోగా నిండాయి. గంతులు వెయ్యాలనిపించింది, నా వయసు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ వారంలోనే తీర్మానం అయింది. ముఠా షెడ్డువాళ్లను తనలో కలుపుకుంది, అందరికీ ఒకటే కూలి అనే షరతు మీద.

మా శిక్షణ అంతా సాయం ఎలా ఇవ్వాలో నేర్పింది. ఆ పల్లె తర్వాత నేను ఎక్కడికి వెళ్లినా, బియ్యం బస్తాలు దింపకముందే, వచ్చినవాళ్లకు ఏ పని వచ్చు, అది ఊళ్లో ఎవరి పొట్ట మీద పడుతుంది అని అడిగేదాన్ని. పిడికెడు బియ్యం తిన్నన్నాళ్లూ వాళ్లు చుట్టాలే. ఊరు వాళ్లకు ఒక రోజు పని బాకీపడిన నాడు ఊరివాళ్లయ్యారు.