ఆత్మకూరులో మా యాప్ ‘ఆగండి’ అన్న రోజు

గల్ఫ్ నుంచి ఇంటికి డబ్బు పంపే ఒక యాప్ కోసం హైదరాబాద్‌లో పనిచేస్తాను. డబ్బు బ్లాక్‌చెయిన్ మీద నడుస్తుంది. అంటే లెక్క ఒక్క బ్యాంకులోనే కాక, ఎన్నో కంప్యూటర్లలో ఒకేసారి నమోదవుతుంది. పాత మారకపు రేట్లు, రుసుములు చూసి రాబోయే రోజులవి అంచనా కట్టి ‘ఇవాళ పంపండి’ అనో ‘ఆగండి’ అనో చెప్పే భాగం నాది. యాప్ వాడేవాళ్లను కలిసి రమ్మని ఆఫీసు పంపినప్పుడు గద్వాల వైపే అడిగి తీసుకున్నాను. చిన్నప్పుడు అమ్మానాన్న బొంబాయికి మట్టిపనికి పోతే ఆత్మకూరులో నానమ్మ దగ్గర పెరిగాను. మనియార్డరు తెచ్చే పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినబడితే చాలు, వీధి చివరిదాకా ఉరికేదాన్ని.

గద్వాలలో రైలు దిగి, ఇడ్లీ తిని, ఎనిమిదింటికి ఆత్మకూరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు. దారిలో కృష్ణ మీది జూరాల డ్యాం గేట్లు ఎత్తి ఉన్నాయి, తుంపర బస్సులోకి కొడుతోంది. “జర అద్దం ఎయ్యమ్మా, తడుస్తవ్” అన్నాడు కండక్టర్. వేయబుద్ధి కాలేదు. నానమ్మ కొంగు కింద దాక్కుని ఆ తుంపరకు నవ్విన రోజులు గుర్తొచ్చాయి.

ఆత్మకూరులో నేను కలవాల్సిన రూతమ్మ కూలిపనికి పోతుంది. భర్త దానియేలు దుబాయిలో మేస్త్రీ. వెళ్లేసరికి ఆమె ఫోన్‌లో అతనితో గొడవపడుతోంది.

“అత్తకు కన్ను ఆపరేషన్ మేడమ్. వనపర్తి దవాఖానల సాయంత్రం లోపల పైసలు కట్టాలె. ఈయనేమో యాప్ ఆగుమన్నదని కూసున్నడు!”

ఫోన్ తీసుకుని, యాప్ కంపెనీ నుంచి వచ్చానని చెప్పాను.

“శుక్రవారం దాంక ఆగితే రేటు పెరుగుతదని చూపిస్తుంది గద మేడమ్? నమ్మిన” అన్నాడు దానియేలు.

ఆ మాట రాసింది నేనే.

“గది అంచనానే అన్నా. దానికి రేటు సంగతే తెలుసు, మీ అమ్మ కన్ను సంగతి తెల్వదు. పెరగకపోవచ్చు గూడ. నువ్వు ఇప్పుడే పంపు.”

టీ తాగేలోపు డబ్బు వచ్చేసింది. ముగ్గురం వనపర్తి బస్సెక్కాం. అత్త శాంతమ్మ నా చెయ్యి వదల్లేదు. “మా ఆయన బొంబాయికెళ్లి పంపితే పది దినాలు పట్టేది బిడ్డా. గిప్పుడు గింతల్నే వస్తుంటే మల్ల ఆగుడేంది?” అంది. దవాఖానలో డబ్బు కట్టి ఆమెను చేర్చి, యాప్ వాడే ఇంకొందరిని కలవడానికి చీకటిపడేవేళకు నాగర్‌కర్నూల్ చేరాను. మర్నాడు రూతమ్మ ఫోన్ చేసింది, ఆపరేషన్ బాగా జరిగిందని.

ఇప్పుడు మా యాప్ ‘ఆగండి’ అనే ముందు ‘డబ్బు ఎప్పటికి కావాలి?’ అని అడుగుతుంది. అంచనా తప్పే అవకాశం ఎంతో కూడా చూపిస్తుంది. మనియార్డరు రోజుల్లో ఆలస్యం దూరం వల్ల వచ్చేది, దాన్ని ఎవరూ ఏమీ చేయలేకపోయేవారు. ఇక్కడ ఆలస్యాన్ని మేమే తయారుచేశాం. అందుకే ఆ ప్రశ్న పెట్టించేదాకా నాకు నిద్రపట్టలేదు.

ఇటు వచ్చేవారికి ఒక మాట: జూరాల గేట్లు చూడాలంటే వానాకాలంలో, పొద్దున బస్సుకే రండి. కిటికీ పక్క సీటు దొరికితే అద్దం మాత్రం వేయకండి.