అంచు బొమ్మ కోసం ఒక లైబ్రరీ

“ఉన్నదని నువ్వంటవ్, లేదని అదంటది. ఎవరి మాట నమ్మాలె నేను?”

“ఉన్నది అవ్వా. నేనే ఎక్కించిన. దీనికి కనబడ్తలేదు.”

“కనబడకపోతె కండ్లద్దాలు కొనియ్యాల్నా దానికి? నా ఫోన్ల నెట్టంత ఊడ్చినవ్.”

“జర ఆగు. పక్కన నిలబడి తిడితె దొరుకుతదా?”

ఆ సాయంత్రం నాకూ నా మనవరాలికీ పడిన గొడవ ఇది. గద్వాలలో మా ఇంట్లో నా కొడుకు నేసే మగ్గం ఉంది. కోటగోడ పళ్లలాంటి కొమ్మలుండే కోటకొమ్మ అంచుకు కొత్త బొమ్మ చూపిస్తే చీరల పని మాకే ఇస్తానని వనపర్తి సేటు చెప్పాడు. చూడడానికి తెల్లారే వస్తానన్నాడు. బొమ్మ లేకపోతే పని పక్క వీధి మగ్గానికి పోతుంది. మాకు గళ్ల కాగితం మీద అంచులు గీసిచ్చే ఆయనేమో జ్వరంతో పడుకున్నాడు. ఉచితంగా దొరికే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంది, నేనే గీస్తానంది పిల్ల. ఉచితమనగానే ఒప్పుకున్నాను. తీరా చూస్తే అది వండిన అన్నం కాదట, బియ్యమట. మా పాత లైనక్స్ కంప్యూటర్లో మేమే తయారు చేసుకోవాలట. అందుకు ముందు ఇంకో లైబ్రరీ, అంటే బొమ్మలు తెరిచే పని చేసిపెట్టే ఫైళ్లు, ఉండాలట.

నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషు రాదు. అయినా, కావాల్సినవన్నీ ఉన్నాయో లేదో కంప్యూటర్ ఒక్కొక్కటే చూసుకుంటూ తెర మీద వరసలు పరుగెత్తిస్తుంటే ఒక సంగతి పట్టుకున్నాను. చివర మూడక్షరాలు పడితే ఉన్నట్టు, రెండే పడితే లేనట్టు. మూడు, మూడు, మూడు అని వస్తూ వస్తూ ఒకచోట రెండు పడి ఆగిపోయేది. మళ్లీ నడిపితే మళ్లీ అక్కడే. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు ఉందన్న ధ్యాసే లేదు.

పిల్ల ఫోల్డర్లన్నీ వెతికింది. లైబ్రరీ ఉండాల్సిన చోటే ఉంది. అందులో ఏమేం ఉన్నాయో చెప్పే హెడర్ ఫైళ్లు మాత్రం ఒక్కటీ లేవు.

“దొరికింది అవ్వా. సగమే దించిన. నడిపెటందుకు ఒక ప్యాకేజీ, తయారు చేసెటందుకు ఇంకోటి. పేరు చివర డెవ్ అని ఉంటది.”

“మరి అదెందుకు దించలే?”

“అక్కర లేంది దించితె ఫోను గుంజుకుంటనన్నవ్ గద. మొదటిది చాలనుకున్న.”

“అక్కరున్నదేదో తెల్సుకొని దించాలె. నన్నంటవేంది?”

“ఫోను ఇస్తవా, ఇయ్యవా?”

ఇచ్చాను. ఇవ్వడమే కాదు, సిగ్నలు బాగా వచ్చే కిటికీ దగ్గర చెయ్యెత్తి పట్టుకుని నిలబడ్డాను. మిగిలిన నెట్టు సరిపోతుందో లేదో తెలియదు. సరిపోయింది. పిల్ల దాన్ని ఎక్కించి మళ్లీ నడిపింది. మూడు, మూడు, మూడు. ఆ చోటు రాగానే నేనూ తెర మీదికి వంగాను. మూడక్షరాలు పడ్డాయి. పిల్ల వీపు మీద ఒక్కటి చరిచాను.

“గట్ల కొడ్తె బొమ్మెవరు గీయాలె అవ్వా?”

వరసలు ఆగకుండా పారుతూనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ తయారై తెరుచుకునేసరికి పప్పు మాడింది. పారబోయనివ్వలేదు, అదే తిన్నాం. తర్వాత పిల్ల గీయడానికి కూర్చుంది.

మర్నాడు పొద్దున సేటు వచ్చి తెర మీద అంచు చూశాడు. కొమ్మలు కొంచెం పొట్టిగా ఉండాలన్నాడు. పిల్ల ఆయన కళ్ల ముందే తగ్గించింది. పని మాకే ఇచ్చి, చాయ్ తాగి వెళ్లాడు.