తిప్పక్క ఉపసంహరణ

నిన్న బ్యాంకులో నా ముందు నిలబడిన ముసలావిడ బొటనవేలిని ఊదారంగు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తింది. ఆ సిరా వాసన తగలగానే కుందుర్పి దగ్గర నేను పనిచేసిన పల్లె, అక్కడి పంచాయతీ ఎన్నికలు, తిప్పక్క ముఖం, అన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చి, గుమాస్తా రెండుసార్లు పిలిచేదాకా కదల్లేకపోయాను.

ఎనభైల మొదట్లో ఆ ఊరి బడిలో నాకు తొలి ఉద్యోగం వచ్చింది. తిప్పక్కది నా అద్దెగది పక్కిల్లు. భర్త పోయిన మనిషి. నాలుగెకరాల మెట్ట, కొన్ని గొర్రెలు, హనుమంతు అనే పెళ్లీడు కొడుకు, అదీ ఆమె సంసారం. నన్ను 'పాపా' అని పిలిచేది. రొట్టెలు కాలిస్తే నాకొకటి తెచ్చిచ్చేది. సాయంత్రాలు నా దగ్గర పలక పట్టి, ఆరు నెలల్లో తన పేరు రాయడం, అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చుకుంది. ఊరికోసం మంజూరైన బోరును సర్పంచు తన చేనిలో వేయించుకున్నప్పుడు మగవాళ్లు తమలో తాము గొణుక్కుని ఊరుకున్నారు. తిప్పక్క ఊరుకోలేదు. ఎన్నికలు రాగానే ఆయన మీద తానే నామినేషన్ వేసింది.

పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన నోటీసును ఇద్దరం నిలబడి చదివాం. ఒక మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"ఉ...ప...సం...హ...ర...ణ. ఏంది పాపా ఇది?"

"వేసిన నామినేషన్‌ను తనంతట తానే వెనక్కి తీసుకోవడం తిప్పక్కా. దానికొక గడువుంటుంది."

"తనంతట తానే ఎవరు తీసుకుంటారు? తీసుకునేదానికైతే వేసేదెందుకు?" అని నవ్వింది. నేనూ నవ్వాను. నిఘంటువులోని అర్థమే నాకు తెలుసు. మా సీమలో ఆ మాటను ఎట్లా వాడతారో అప్పటికి నాకు తెలియదు.

గడువుకు ముందురోజు గొర్రెలు తోలుకుపోయిన హనుమంతు తిరిగి రాలేదు. గొర్రెలు మాత్రం వచ్చాయి. మర్నాడు పొద్దున సర్పంచు మనిషి ఒకడు ఆమె వాకిట్లో కూర్చుని, ఎంతో మర్యాదగా, "కాగితం మీద సంతకం పెట్టక్కా, మధ్యాహ్నానికి నీ కొడుకు ఇంట్లో ఉంటాడు" అన్నాడు. ఆ కాగితం రాసేవాళ్లు కావాలి. బడికి కబురొచ్చింది. "నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, పోయి రాసిచ్చిరామ్మా" అని హెడ్మాస్టరు నన్ను పంపారు. నేను వెళ్లాను. వాళ్లిచ్చిన నమూనా చూసి రాశాను.

తిప్పక్క ఏడవలేదు. "ఏం రాసినావో చదువు" అంది.

"నేను నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా..."

"ఎవరి మాటలివి?"

"నమూనా అట్లే ఉంది తిప్పక్కా."

"నమూనా వాళ్లది. చెయ్యి నీదే కదా."

నేను నేర్పిన అక్షరాలతోనే ఒక్క వంకర లేకుండా సంతకం పెట్టింది. సర్పంచు ఏకగ్రీవంగా గెలిచాడని టపాసులు కాల్చారు. హనుమంతు ఆ మధ్యాహ్నమే కుడిచెయ్యి విరిగి ఇల్లు చేరాడు. ఆ తర్వాత తిప్పక్క పలక పట్టలేదు.

కొన్నేళ్లకు నేను గుంతకల్లు దగ్గర ఒక బడిలో ఉండగా, తమకు గిట్టని ఒక బడి ఆయాను ఊరి పెద్దలు పనిలోంచి తీసేసి, ఆమె ఇష్టంగానే మానుకున్నట్టు కాగితం రాయమన్నారు. రాయనన్నాను. నెల తిరక్కుండా దూరానికి బదిలీ అయింది. అందుకు నాకు గర్వంగానే ఉండేది. ఆ సంగతి చెబుదామనే తిప్పక్కను వెతుక్కుంటూ బస్సెక్కాను.

ఆమె వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తూ అంతా విన్నది.

"మంచిపని చేసినావు. మరి ఆపొద్దు నాకెందుకు రాసినావు?"

"భయమేసింది తిప్పక్కా."

"నాకూ భయమే అయింది. వాళ్ల చేతిలో నా కొడుకు ఉన్నాడు. నీది ఏముండె వాళ్ల చేతిలో?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తర్వాత మళ్లీ కాయలు ఒలుచుకోసాగింది.

తిప్పక్క పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజు నన్నెవరూ బెదిరించలేదు. గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. పోయి రాయమన్నారు, పోయి రాశాను. ఇన్నేళ్లు వెతికినా ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.