చింతగింజ రంగు చెవులు

మొన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు తలుపు తీయగానే రెండు వాసనలు ఒకేసారి తగిలాయి. ఒకటి టాల్కం పౌడరు. దాని కింద, దువ్వెన తిరుగుతున్న వెచ్చని బొచ్చు వాసన. నా మనవరాలు సోఫాలో కూర్చుని ఒళ్ళో పిల్లిపిల్లకు పౌడరు చల్లి దువ్వుతోంది. దానికి ఒళ్ళంతా మీగడ రంగు, నీలం కళ్ళు. చెవుల అంచులకు మాత్రం మసి అంటుకున్నట్టుంది. మెడలో నల్లతాడు కట్టి ఉంది. "ఆ తాడేమిటమ్మా?" అన్నాను. "కొన్నప్పుడు తెల్లగా ఉంది తాతయ్యా. ఇప్పుడు నల్లబడిపోతోంది. దిష్టి తగిలిందని పక్కింటి ఆంటీ కట్టారు," అంది. దిష్టి మీదా, ముహూర్తాల మీదా, శకునాల మీదా ముప్పై అయిదేళ్ళుగా వేదికలెక్కి నిప్పులు చెరుగుతున్నవాణ్ణి. ఆ పూట మాత్రం వెళ్ళి కుర్చీలో కూలబడ్డాను. ఆ మసి చెవుల్ని నేను ఎరుగుదును. వాటి రహస్యం నాకు చెప్పిన మనిషినీ ఎరుగుదును. ఆమెకు నేను చేసింది కూడా ఎరుగుదును.

ఆమె పేరు ఓబులమ్మ. రాయచోటి దగ్గర ఒక మెట్ట పల్లె. కువైట్‌లో, సల్వాలోని ఒక పెద్ద ఇంట్లో పనిచేసేది. నేను అదే ఇంట్లో డ్రైవర్ని. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు, ఆమెకు నలభై పైబడి ఉంటాయి. అమలాపురంలో చదువుకునే రోజుల్లోనే నేను సంస్కరణ సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఎదుటివాడి నమ్మకాన్ని మూడు వాక్యాల్లో ముక్కలు చేయగలనని పేరు. ఓబులమ్మకు సంతకం కూడా రాదు. మా యజమానురాలికి, అంటే మేమందరం మామా అని పిలిచే ఆవిడకు, జాతిపిల్లుల పిచ్చి. పొడవాటి బొచ్చు, చప్పిడి ముక్కు, నీలం కళ్ళు ఉండే వాటిని హిమాలయా అంటారు. హిమాలయాలకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. మనుషులు కట్టిన పేరు, మనుషులు కలిపి పుట్టించిన జాతి. అవి పద్నాలుగు ఉండేవి. వాటికొక గది, ఆ గదికి రాత్రింబవళ్ళు ఆగని ఏసీ, వాటన్నిటికీ ఒకే ఒక్క ఓబులమ్మ.

ఆ పిల్లుల రంగులకు మామా దగ్గర ఇంగ్లీషు పేర్లుండేవి. ఓబులమ్మ తన వంటింట్లోంచి పేర్లు తెచ్చుకుంది. ముఖం, చెవులు, పాదాలు, తోక ముదురు గోధుమరంగులో ఉంటే చింతగింజ. అవే పొగరంగులో ఉంటే బూడిద. ఎర్రగా ఉంటే ఇటుక. గులాబీ కలిసిన లేత రంగైతే ఉల్లిపొర. చింతగింజా ఇటుకా కలిసి చిందరవందరగా ఉంటే కలగూర. "ఈ కలగూరలన్నీ ఆడయ్యే అబ్బీ. మగదాన్ని నేనింతవరకూ సూళ్ళేదు. ఎందుకో తెల్దు," అనేది. తెలియనిదాన్ని తెలియదని అంత తేలిగ్గా అనేవాళ్ళను మా సభల్లో నేను చూడలేదు. ప్రతి శుక్రవారం అన్నిటినీ దువ్వేది. దువ్వెనకు వచ్చిన తోక బొచ్చులోంచి కాస్త తీసి, టిష్యూ డబ్బా అట్ట మీద మైదాపిండి జిగురుతో వరుసగా అంటించేది. ఒక్కో పిల్లికి ఒక్కో వరుస. చదువు రాని మనిషి రాసుకున్న పుస్తకం అది. నేను మొదట్లో నవ్వాను.

ఒక ఏడు లూలూ అనే చింతగింజ ఆడపిల్లికి వీపు మీద కురుపు లేస్తే డాక్టరు అరచేతి మేర బొచ్చు గొరిగి మందు వేశాడు. పుండు మానింది. కానీ అక్కడ మళ్ళీ మొలిచిన బొచ్చు మీగడ రంగులో రాలేదు. ముదురుగా, వీపు మీద ఎవరో చెయ్యి వేసినట్టు వచ్చింది. మామా బెదిరిపోయింది. జిన్ను తాకిందంది. "ఖలాస్. కబ్ద్‌లో మన తోట ఉందిగా, అక్కడ వదిలెయ్," అని నాకు చెప్పింది. కబ్ద్ అంటే ఎడారి. ఆ బొచ్చుతో ఆ ఎండలో అది రెండు రోజులు బతకదు. నేను గారేజీలో కూర్చుని ఓబులమ్మ ముందు ఉపన్యాసం అందుకున్నాను. జిన్నులేమిటి, ఈ అజ్ఞానమేమిటి, డబ్బున్నవాళ్ళ మూఢత్వం ఇంకా ప్రమాదమని. ఆమె అంతా విని, "ఏమబ్బీ, అరిసేదేనా, సూసేది ఏమన్నా ఉందా?" అంది.

"చూడ్డానికేముందక్కా? జిన్నులు లేవు."

"ఆయమ్మ ఉందంటాది, నువ్వు లేదంటాండావు. ఇద్దురూ సూడకుండానే అంటాండారు. ఇంక నీకూ ఆయమ్మకూ తేడా యాడుంది?"

ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తుంది. ఓబులమ్మ అప్పటికే ఒకటి గమనించి ఉంది. పిల్లి ఒంట్లో ముదురు రంగు ఉండేవన్నీ చల్లగా ఉండే చోట్లే. చెవి కొస, ముక్కు, పాదం, తోక. బొచ్చు గొరిగిన వీపు ఏసీ గాలికి చల్లబడింది, అందుకే అక్కడా ముదిరింది. ఇది ఆమె ఊహ. ఊహను ఆమె నమ్మలేదు, పరీక్ష పెట్టింది. లూలూను కబ్ద్‌కు పంపకుండా మామాను మూడు నెలలు గడువు అడిగింది. చింతగింజ రంగు మగపిల్లినొకదాన్ని నేను పట్టుకుంటే, దాని వీపుకు రెండు పక్కలా చిన్న చిన్న చోట్లు గొరిగింది. ఒక పక్క బోసిగా వదిలింది. రెండో పక్క ఉన్ని గుడ్డ కప్పి, చొక్కాలాంటిది కుట్టి తొడిగింది. తప్పయితే ఉద్యోగం పోతుంది, ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దయి ఇంటికి పోవాలి. "తప్పయితే తప్పని తెలుస్తాది గదా," అంది. మూడు నెలలకు బోసి పక్క చింతగింజ రంగు మొలిచింది, గుడ్డ కప్పిన పక్క మీగడ రంగు. పిల్లిని ఎత్తుకెళ్ళి మామా ఒళ్ళో పెట్టి, తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో చెప్పింది: "మామా, జిన్ను లేదు. చలి." మామా రెండు పక్కలా నిమిరి చూసి పెద్దగా నవ్వింది. లూలూ బతికింది. నమ్మకాలను తిట్టడం నేను సభల్లో నేర్చుకున్నాను. వాటిని పట్టి చూడడం ఆ పిల్లుల గదిలో నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే అనుకున్నాను.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడేటప్పటికి మామా కుటుంబం వేసవికని దేశం దాటి ఉంది. ఇంట్లో మేమిద్దరమే, నిండు చూలుతో లూలూ, మిగిలిన పిల్లులూ. వారం తిరిగేలోపు అల్ రాయ్ షెడ్లలోంచీ, సబ్హాన్ గోదాముల్లోంచీ మన తెలుగువాళ్ళు ఒక్కొక్కరే గేటు తట్టారు. దుకాణాలు దోచారు, గదులు పోయాయి, తల దాచుకోవడానికి చోటు లేదు. తలుపు తీయడానికి నేను జంకాను. "మామా వచ్చి అడిగితే నేను చెప్పుకుంటాలే, తియ్యబ్బీ," అని ఓబులమ్మే తీసింది. ఇంటి కింది సిర్దాబులో, అంటే నేలగదిలో, ముప్పైమంది దాకా చేరారు. వాళ్ళకు పెద్ద సత్యంగారు, రాజోలు వైపు మనిషి, పైపుల పని మేస్త్రీ. అందరికీ రోజూ గంజి కాచి పోసింది ఓబులమ్మే.

ఆ రోజుల్లోనే లూలూ ఈనింది. అయిదు పిల్లలు, అయిదూ పాలలా తెల్లగా. సిర్దాబులో ఆడవాళ్ళు దణ్ణం పెట్టారు. యుద్ధం నడుమ ఇన్ని తెల్లపిల్లలు పుట్టడమంటే శుభమన్నారు. బుట్ట ముందు కుంకుమ, అగరొత్తులు వెలిశాయి. "హిమాలయాల్లో జంతువండి ఇది, శివుడి చోటు. నెల తిరక్కుండా ఈ సైన్యం వెళ్ళిపోద్దండి, ఆయ్, రాసిపెట్టుకోండి," అన్నారు సత్యంగారు. ఓబులమ్మ ఎంత చెప్పినా వినలేదు. "ఈ జాతిలో అన్నీ తెల్లగానే పుడతాయబ్బా. అమ్మ కడుపు యెచ్చగుంటాది గదా. బయటికొచ్చినాక చెవులు సల్లబడి రంగు తిరుగుతాది," అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. అప్పటికే మన జిల్లావాడైన ఒక వ్యాపారి జోర్డాన్ సరిహద్దు దాకా బస్సు మాట్లాడుతున్నాడు. ముప్పై సీట్లు నిండితేనే కదులుతుంది. బియ్యం అడుగంటింది. పెద్ద యుద్ధం రాబోతోందని రేడియో చెబుతోంది. నేను పది రోజులు వాదించాను. బతిమాలాను, కసిరాను, లెక్కలు చెప్పాను. శకునం బాగుండగా కదలడమెందుకన్నారు.

పదకొండో రోజున నేను ఆ పని చేశాను. ఓటమి నాకు అలవాటు లేదు. సత్యంగారి పక్కన కూర్చుని గొంతు తగ్గించి, "మా తాతగారు శకునశాస్త్రంలో దిట్టండి. తెల్లగా పుట్టిన పిల్లి నల్లబడిందంటే, అది ఉన్నచోట నెల లోపల చావు తప్పదనేవారు," అన్నాను. మా తాత వడ్రంగి. శాస్త్రాన్ని అక్కడికక్కడే పుట్టించాను. పది రోజుల నిజానికి చలించని మనిషి ఒక్క అబద్ధానికి కళ్ళు పెద్దవి చేశాడు. సాయంత్రానికి అది సిర్దాబంతా పాకింది. నాకు లోపల్లోపల గర్వం. ఇంకో వారంలో ఆ చెవులు ఎలాగూ ముదురుతాయి. మూఢత్వాన్ని మూఢత్వంతోనే తోలి ముప్పై ప్రాణాలు కాపాడుతున్నాననుకున్నాను. ఓబులమ్మ నన్ను పిల్లుల గదిలోకి పిలిచింది.

"నీకు తెలిసిన నిజాన్ని వాళ్ళకు దయ్యంగా సూపిస్తివే."

"ప్రాణాలు దక్కుతాయక్కా. దారి ఏదైతేనేం?"

"దక్కుతాయేమో. వాటితో పాటు దయ్యం గూడా దక్కుతాది. దాన్ని యాడ దింపుతావు?"

ఆమె అట్ట తీసి, ఆ వారం బొచ్చు అంటించుకుంటూ కూర్చుంది.

చెవులు ముదిరాయి. ఒక్క పూటలో ముప్పైమంది మూటలు కట్టారు. ఆ మధ్యాహ్నమే రెండు పిల్లలు బుట్టలో కనబడలేదు. ప్రహరీ బయట, ఎండకు కాలిన ఇసుకలో దొరికాయి. ఎవరు విసిరారో ఎవరూ చెప్పలేదు. ఓబులమ్మ వాటిని పాతిపెట్టి చేతులు కడుక్కుని అందరికీ దారిలోకి రొట్టెలు చేసింది. మర్నాడు పొద్దున గేటు ముందు బస్సు ఆగింది. అందరూ ఎక్కారు. ఓబులమ్మ తన సంచి పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టబోతే సత్యంగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏమనుకోకండమ్మా. మీరు మాత్రం వద్దండి. ఎడారి ప్రయాణం, చంటిపిల్లలున్నారు. అవి మీ చేతుల్లో నల్లబడ్డాయి కదండీ."

ఆమె గంజి తాగిన ముప్పైమందిలో ఒక్కరు కూడా తల ఎత్తలేదు. నేను అరిచాను. అది అబద్ధమని, నేనే కల్పించానని, మా తాత వడ్రంగి అని, ఆ జాతి పిల్లులన్నీ అలాగే ముదురుతాయని. సత్యంగారు నా వంక జాలిగా చూశారు. "ఆవిడ మీద అభిమానంతో అంటున్నావులే బాబూ. నువ్వు చెప్పింది చెప్పినట్టు జరిగింది కదా. కళ్ళారా చూశాం." నా జీవితంలో అంత సూటిగా నిజం ఎప్పుడూ చెప్పలేదు. అంత గట్టిగా ఎప్పుడూ ఓడిపోలేదు. డ్రైవరు హారన్ కొడుతూ యల్లా, యల్లా అంటున్నాడు. ఓబులమ్మ కాలు కిందికి తీసింది. "పో అబ్బీ. నేను యెనక బండిలో వస్తాలే. మూడు మిగిలినాయి, తల్లి ఉంది. కొన్నాళ్ళు సూసుకుంటా." ఆ మాటలో నాకు అనుమతి వినిపించింది. నేను ఎక్కాను. దిగి ఆమెతో ఉండిపోవచ్చు. నన్ను ఎవరూ కట్టెయ్యలేదు. ఎక్కాను. ఇంతవరకూ నేను రాసిన ఏ వ్యాసంలోనూ ఈ వాక్యం లేదు.

వెనక బండిలో ఆమె రాలేదు. సరిహద్దు గుడారాల్లో పన్నెండు రోజులు వచ్చిన ప్రతి లారీ దగ్గరికీ వెళ్ళి చూశాను. ఇంటికి చేరాక ఆమె చెల్లెలికి ఉత్తరాలు రాశాను. అక్క రాలేదని ఒకే ఒక్క జవాబు వచ్చింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు వేరే కఫీల్ కింద, అంటే వేరే యజమాని పూచీ మీద, మళ్ళీ కువైట్ వెళ్ళి, మొదటి సెలవుకే సల్వాకు పోయాను. తలుపులు ఊడిపోయి ఉన్నాయి. మామావాళ్ళు తిరిగి రాలేదు. పక్కింటి కాపలాదారు, చలికాలం వచ్చేదాకా ఆమెను చూశానన్నాడు, ఆ తర్వాత ఆ ఇంట్లో సైనికులు దిగారన్నాడు. ఎటో వెళ్ళిపోయి ఉంటుందన్నాడు, అంతకుమించి తెలియదన్నాడు. పిల్లుల గదిలో విరిగిన అలమర కింద అట్ట దొరికింది. అన్నిటికన్నా కింద మూడు వరుసలు, మిగిలిన ఆ మూడు పిల్లలవి. తెల్లటి కుచ్చుతో మొదలై, మా బస్సు వెళ్ళిన తర్వాత మరో పదకొండు శుక్రవారాలు. ఒక్కో శుక్రవారానికీ రంగు ముదిరింది. చలి పెరుగుతున్న కొద్దీ ఇంకా ముదిరింది. పదకొండో శుక్రవారపు కుచ్చు అచ్చమైన చింతగింజ. ఆకలిలో, ఒంటరితనంలో, తనను దయ్యాన్ని చేసిన అబద్ధం నడుమ కూడా ఆమె చూడ్డం మానలేదు. పన్నెండో చోట జిగురు మాత్రమే ఉంది. రాసి, ఆరిపోయి, వేలి గీతలు కనబడుతున్నాయి. దాని మీద బొచ్చు లేదు.

మంచి కోసమైనా సరే, ఆ తర్వాత నేను ఏ సభలోనూ ఒక్క అబద్ధం వాడలేదు. అది గొప్ప కాదు. ఆమె కట్టిన వెలకు నాకు అబ్బిన అలవాటు. మొన్న సాయంత్రం ఇంటికెళ్ళి ఆ అట్ట తెచ్చి మనవరాలి ముందు పెట్టాను. దిష్టి లేదని చెప్పలేదు. ఒక ఖాళీ అట్ట, కాస్త జిగురు ఇచ్చి, ప్రతి శుక్రవారం తోక దువ్విన బొచ్చు అంటించి చూడమన్నాను. ఆ పిల్ల పాత అట్ట మీద వేలు జరుపుతూ చివరిదాకా వచ్చి ఆగింది.

"ఇక్కడేమీ లేదేం తాతయ్యా? ఏమైంది?"

ఓబులమ్మ చెల్లెలు, అక్క చనిపోయిందనుకుని తద్దినం పెడుతోందని విన్నాను. ఆమె ఎటో వెళ్ళిపోయి ఉంటుందని కాపలాదారు అన్నాడు. నాకు తోచిన కథలు నాకూ ఉన్నాయి, ఒక్కటీ చూసింది కాదు.

"తెలియదమ్మా," అన్నాను.