చిన్నమ్మకు ఒక్కదానికే వచ్చిన మాడు వాసన

పోయిన మంగళవారం పొద్దున మా చిన్నమ్మ చనిపోయింది. పనిచేసే ఇంటి వంటగదిలో పడిపోయి, మూడు రోజులు ఆస్పత్రిలో కళ్ళు తెరవకుండానే వెళ్ళిపోయింది.

కడప నుంచి వచ్చి పద్నాలుగేళ్ళు మస్కట్‌లో ఒకే ఇంట్లో వంట చేసింది. నన్ను ఇక్కడికి పిలిపించి, క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగం వెతికిపెట్టిందీ ఆమే. శుక్రవారం శుక్రవారం దార్సైట్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చేది. ఆమె పనిచేసే ఇంటికి బహుమతులుగా వచ్చే రకరకాల టీ పెట్టెలను అక్కడి మేడం ఆమెకే ఇచ్చేసేది. వాటిని ఒక్కొక్కటే రుచి చూడటం మా ఇద్దరి సెలవురోజు పని. ఆమెకు ఇంగ్లీషు రాదు. పొట్లం మీది పేరు నేనే చదవాలి, అదీ ఆమె రుచి చెప్పాకే.

"పేరు ముందే చెప్తే నాలిక దానెనకాలే పోతాది పాపా. మూడు గుక్కలు తాగినాంకనే చదువు" అనేది.

గులాబీ టీ పెళ్ళిలో చల్లే పన్నీరులా ఉందంది. పీచ్ టీ పిల్లల దగ్గు మందట. చామంతి టీ కప్పు పక్కకు జరిపి, పూజకైతే పనికొస్తుందని తేల్చేసింది. దాల్చినచెక్క, నారింజ తొక్క కలిపినది మాత్రం రెండు కప్పులు తాగింది. నిద్ర పట్టడం లేదంటే మేడం డీకాఫ్ టీ ఇచ్చింది. అందులో నిద్ర చెడగొట్టే కెఫీన్ తీసేస్తారని నేను వివరించాను.

"అంటే టీలో టీ తీసేసి మనకిచ్చినారా" అని చాలాసేపు నవ్వింది. రుచికి అది వాన నీళ్ళలా ఉందని ఇద్దరం ఒప్పుకున్నాం.

రంజాన్ వెళ్ళాక ఒక శుక్రవారం, పుదీనా టీ మొదటి గుక్కకే కప్పు దించేసింది.

"మాడు వాసనొస్తాంది."

నాకు రాలేదు. గిన్నె మార్చి, నీళ్ళు మార్చి మళ్ళీ కాచాను. అదే మాట. తర్వాతి వారం తనకిష్టమైన దాల్చినచెక్క టీ కూడా మాడిందే, డీకాఫూ మాడిందే. ముసలిదానివైపోయావు, నాలుక అరిగిపోయిందని ఆటపట్టించాను. నవ్వలేదు. లేచి వెళ్ళి మా గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసొచ్చింది. ఆ సాయంత్రం అలా మూడుసార్లు చూసింది.

"యాడనో కాలతాంది పాపా. మీకెవురికీ తెలీడంల్యా" అంది వెళ్ళేముందు.

మా క్లినిక్ డాక్టర్‌కి చూపిద్దామన్నాను.

"వద్దు. రోగమని తెలిస్తే వీసా క్యాన్సిల్ చేసి పంపిచ్చేస్తారు. ఊర్లో ఇల్లు సగంలో ఉండాది. ఇంకొక్క ఏడు చెయ్యనీ."

నేను ఊరుకున్నాను. రోజూ ఎవరెవరి పేర్లో రాసుకుని డాక్టర్ దగ్గరికి పంపేదాన్ని, ఆమె పేరు మాత్రం రాయలేదు. అందుకు ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది. తలలో గడ్డ ఉందని, లేని వాసన రావడం దాని గుర్తేనని ఆస్పత్రిలో చెప్పారు. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి మాట అంటే దయచేసి నవ్వకండి.

మేడం నాతోపాటే ఏడ్చింది. నాకొక్క మాట చెబితే నేనే తీసుకెళ్ళేదాన్ని కదా అంది.

సామాను తెచ్చుకోవడానికి వెళ్ళి, మేడం ఇంట్లో ఆమె గది తలుపు తీశాను. మంచం చుట్టూ నాలుగు బకెట్లు, అంచుదాకా నీళ్ళు నింపి ఉన్నాయి. తలగడ మీద తడిపి పిండిన దుప్పటి, మెలికలతోనే ఎండి బిగుసుకుపోయింది. తలుపుకి దగ్గరగా ఉన్న బకెట్లో మగ్గు ఒకటి తేలుతోంది.